ఎ అనే వ్యక్తి

న్యాయశాస్త్రం పూర్తిగా చదివినవాళ్ళతో ఇబ్బంది లేదు. అసలు చదవనివాళ్ళతో అంతకన్నా లేదు. వచ్చిన చిక్కల్లా మొదటి ఏడాది సగంలో ఉన్నవాళ్ళతోనే. అలాంటి మనిషి ఒకరు ఇంట్లో ఉంటే ఎవరూ మంచినీళ్ళు కూడా తిన్నగా తాగలేరు.

ఈ కథలో ఆ మనిషిని ఇంట్లో లాయరమ్మ అనేవాళ్ళు. కాలేజీలో చేరిన రోజే బావ పెట్టిన పేరది. అక్కాబావల దగ్గర ఉండి చదువుకుంటోంది. పిల్ల చురుకైనదే, కాదనను. కానీ ఒక్కచోట కుదురుగా ఉండమంటే ప్రాణం మీదికి వచ్చేది. కూర్చుంటే కాలు ఊపుతుంది, నిలబడితే గోళ్ళు కొరుకుతుంది, ఎదుటివాళ్ళు మాట మొదలుపెట్టగానే ముగింపు తనే చెప్పేస్తుంది. క్లాసులోనూ అదే వరస. మేడం పాఠం సగానికి వచ్చేసరికి "ఓస్, ఇంతేనా!" అనుకుని, మిగతా సగమంతా కిటికీలోంచి బయటికి చూస్తూ గడిపేది.

క్రిమినల్ లా మొదలైన కొత్తలో ఇల్లు కోర్టయిపోయింది. పక్కింటివాళ్ళు ఊరెళితే వాళ్ళ గుమ్మంలో పడ్డ పేపరు తెచ్చుకుని చదువుతోంది అక్క. లాయరమ్మ చూసింది.

"అక్కా, అది దొంగతనం. వాళ్ళు తీసుకోమనలేదు, నువ్వు కావాలనే తీసుకున్నావు. అన్నీ సరిపోయాయి."

"చదివి మళ్ళీ అక్కడే పడేస్తానే తల్లీ."

"తిరిగిచ్చినా నేరం నేరమే."

"అయితే జైల్లో పొద్దున్నే కాఫీ ఇస్తారేమో కనుక్కో. ఇక్కడైతే నా మొహాన ఎవరూ పొయ్యట్లేదు" అంది అక్క, పేజీ తిప్పుతూ.

బావకి మాత్రం ఇదంతా సరదా. పని నుంచి రాగానే చేతులకున్న గ్రీజు రుద్దుకుంటూ, "ఏమ్మా లాయరమ్మా, ఇవాళ ఎ అనేవాడు బి అనేవాణ్ణి ఏం చేశాడు?" అని అడిగేవాడు. వాళ్ళ మేడం ఏ ఉదాహరణ చెప్పినా అందులో ఎ అనే వ్యక్తి, బి అనే వ్యక్తి ఉంటారు. ఎ రాయి విసురుతాడు, బికి తగులుతుంది. ఎ గొయ్యి తవ్వుతాడు, బి వచ్చి అందులో పడతాడు. ఎ పాలలో విషం కలుపుతాడు, బి గటగటా తాగేస్తాడు. "ఆ బి గాడు ఒక్కరోజు సెలవు పెట్టి ఇంట్లో కూర్చోకూడదూ!" అని బావ పగలబడి నవ్వేవాడు.

బావది లిఫ్టుల పని. ఒక కంపెనీలో మెకానిక్కు. పాత లిఫ్టుల్లో ప్రతి అంతస్తు తలుపుకీ ఒక తాళం ఉంటుంది. తలుపు సరిగ్గా పడితేనే లిఫ్టు కదులుతుంది, లిఫ్టు ఎదురుగా ఉంటేనే తలుపు తెరుచుకుంటుంది. ఆయన చూసే ఒక బిల్డింగులో మూడో అంతస్తు తాళం అరిగిపోయింది. తలుపు వేసినా పడలేదనుకుని లిఫ్టు ఎక్కడికక్కడ ఆగిపోయేది. పైన ఉండే ముసలివాళ్ళు మెట్లెక్కలేక ఆపసోపాలు పడుతున్నారు. కొత్త తాళం వచ్చేదాకా బావ ఆ పనిలో ఉన్నవాళ్ళు చాలామంది చేసేదే చేశాడు. తలుపు పడిందని లిఫ్టుని నమ్మించడానికి చిన్న వైరు ముక్క ఒకటి కలిపాడు. జంపర్ అంటారు దాన్ని. లిఫ్టు ఆగకుండా తిరిగింది. అరిగిన తాళం మాత్రం అరిగినట్టే ఉంది. గట్టిగా లాగితే, ఎదురుగా లిఫ్టు లేకపోయినా తలుపు ఊడి వచ్చేది. అందుకని "చూసి ఎక్కండి" అని కాగితం మీద రాసి అంటించాడు. కాగితం ఎన్నాళ్ళుంటుంది? ఎప్పుడో ఊడిపోయింది.

ఆ అంతస్తులో ఉండే సంగీతం టీచరమ్మ ఒక పొద్దున ఎప్పటిలాగే తలుపు లాగి, ఎప్పటిలాగే అడుగు లోపల పెట్టింది. లోపల లిఫ్టు లేదు. కింది అంతస్తులో ఆగి ఉన్న లిఫ్టు కప్పు మీద పడబట్టి ప్రాణం దక్కింది. తుంటి విరిగింది, మణికట్టు విరిగింది.

ఆ సాయంత్రం బావ చేతులు కడుక్కోలేదు. గుమ్మంలోనే కూలబడ్డాడు.

"ఆసుపత్రికి వెళ్ళొచ్చాను" అన్నాడు. "నన్ను చూసి ఆవిడ, 'నాయనా, లిఫ్టు బాగైందా? పైవాళ్ళు అవస్థ పడుతుంటారు' అంది. ఏం చెప్పను? బాగైందమ్మా అని వచ్చేశాను."

పోలీసులు గురువారం పొద్దున స్టేషన్‌కి వచ్చి వాంగ్మూలం ఇమ్మన్నారట. అక్క ఒక మంచి లాయరుని చూసుకుందామంది. బావ నవ్వే ప్రయత్నం చేశాడు. "ఇంట్లో లాయరమ్మని పెట్టుకుని బయట వెతకడం ఎందుకు?" అన్నాడు.

ఆ మాటతో మన పిల్లకి పట్టపగ్గాల్లేవు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ మొదలుపెట్టింది.

"బావా, నేరానికి రెండు కావాలి. చెడ్డ పని ఒకటి, చెడ్డ ఉద్దేశం ఒకటి. ఆవిడ పడాలని నువ్వు అనుకున్నావా?"

"ఛ, అదేం మాట!"

"చూశావా! ఉద్దేశం లేదు, నేరం లేదు. ఉన్నదున్నట్టు చెప్పెయ్. వైరు నేనే పెట్టాను, ప్రమాదమని తెలుసు, కానీ వాళ్ళ అవస్థ చూడలేక పెట్టాను, అను. నీ మంచితనం వాళ్ళకే తెలుస్తుంది."

"మరి మా సూపర్‌వైజరు సంగతి? తాళం పంపమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. వచ్చేదాకా ఏదో ఒకటి చేసి నడిపించెయ్ అన్నది ఆయనే కదా."

"అమ్మో, ఆ ఊసే ఎత్తకు! ఇద్దరూ అనుకుని చేశారంటే కుట్ర అయిపోతుంది. అది చాలా పెద్ద నేరం. నేనొక్కణ్ణే చేశాను అని చెప్పు. ఏ గొడవా ఉండదు."

కుట్ర గురించి పాఠం ఇంకా మొదలే కాలేదు. పుస్తకం ముందు పేజీల్లో ఆ పేరు చూసింది, అంతే. సిగ్గైనా వెయ్యొద్దూ! కానీ ఆ క్షణంలో ఆమెకి అనుమానమన్నదే లేదు. బావకి మంచి జరగాలని గుండె నిండా ఉంది, అదొక్కటే నిజం.

"ఒకసారి మీ మేడంని అడగవే" అంది అక్క.

"అడగడానికేముందక్కా? మొదటి పరీక్షలో ఈ పాఠంలో క్లాసుకే ఫస్టు వచ్చాను."

అక్క నిట్టూర్చి వంటింట్లోకి వెళ్ళింది. బావ మాత్రం ఆ రాత్రి కాస్త తిన్నాడు.

గురువారం వాళ్ళిద్దరూ స్టేషన్‌కి, లాయరమ్మ కాలేజీకి బయల్దేరారు. పొద్దుటినుంచీ ఆమె కాలు నిలవడం లేదు. ఫోన్ తీస్తుంది, పెడుతుంది. పెన్ను మూత విప్పుతుంది, పెడుతుంది. పక్కన కూర్చున్న అమ్మాయి విసుగొచ్చి ఆ పెన్ను లాక్కుంది.

మేడం వస్తూనే బోర్డు మీద "నిర్లక్ష్యం" అని రాసింది.

"ఇన్నాళ్ళూ ఉద్దేశం గురించి చెప్పుకున్నాం. ఉద్దేశం లేకపోతే నేరమే లేదని మీలో కొందరు సంబరపడిపోయి ఉంటారు. అదేం కుదరదు. కొన్ని నేరాలకి ఉద్దేశం అక్కర్లేదు. ఎ అనే వ్యక్తికి ప్రమాదం ఉందని తెలుసు. జాగ్రత్తపడాల్సిన పని అతనిదే. అయినా, ఏం కాదులే అనుకున్నాడు. బికి దెబ్బ తగిలింది. ఎ మంచివాడే కావచ్చు. బి మీద పగేమీ లేకపోవచ్చు. అయినా సరే, నేరమే."

లాయరమ్మ ఊగుతున్న కాలు ఆగిపోయింది. తెలియకుండానే లేచి నిలబడింది.

"మేడం, ఎ అనే వ్యక్తి ఒక లిఫ్టు బాగుచేసేవాడు అనుకోండి. జనం ఇబ్బంది పడుతున్నారని తాత్కాలికంగా ఒక వైరు కలిపాడు. ప్రమాదమని తెలుసు. కానీ మంచికే చేశాడు..."

"ప్రమాదమని తెలుసని అతనే ఒప్పుకుంటున్నాడా?"

"ఒప్పుకుంటున్నాడు మేడం."

"మరింక అవతలివాళ్ళు రుజువు చెయ్యడానికి ఏం మిగిలింది? వాళ్ళ పని కూడా తనే చేసిపెట్టాడు."

వెనక బెంచీలోంచి ఒకడు అందుకున్నాడు. "ఆ ఎ గాడికి అలా చెప్పమని సలహా ఇచ్చిన మహానుభావుడెవరు మేడం?"

క్లాసు గొల్లుమంది. మేడం చెయ్యెత్తి, "నవ్వకండి, ఇక్కడితో అయిపోలేదు. అసలు సంగతి ముందుంది..." అంటూనే ఉంది. ఆ సంగతి వినడానికి లాయరమ్మ అక్కడ ఉంటే కదా. బ్యాగు బెంచీ మీదే వదిలేసి అప్పటికే మెట్లు దిగుతోంది.

బావకి ఫోన్ చేసింది. స్విచ్ఛాఫ్. అక్కకి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చోలేక డ్రైవరు వెనక నిలబడింది. ప్రతి సిగ్నలూ ఎర్రగానే ఉంది. ముందు వెళుతున్న నీళ్ళ ట్యాంకరు కదలదు, పక్కకి జరగదు. "అన్నా, కొంచెం తొందరగా పోనివ్వరా?" అంటే డ్రైవరు వెనక్కి తిరిగి, "ఎగిరి వెళ్ళమంటావా తల్లీ?" అన్నాడు. బావ సంతకం పెట్టేసి ఉంటాడా? ఇప్పుడు పెడుతున్నాడా? ఆ మనిషికి సంతకం పెట్టడం కూడా నెమ్మదే, ఒక్కో అక్షరం దిద్దుతాడు. దేవుడా, ఇవాళ ఇంకాస్త నెమ్మదిగా దిద్దేలా చూడు. ఇంకో స్టాపు ఉండగానే బస్సు దిగి పరుగెత్తింది.

స్టేషన్ వరండాలో బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. "నువ్వెందుకొచ్చావే? క్లాసు లేదూ?" అంటున్నా వినిపించుకోకుండా లోపలికి దూసుకెళ్ళింది.

బావ కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నాడు. పక్క బల్ల మీద రెండు వేళ్ళతో టైపు చేసే కానిస్టేబులు అప్పుడే కాగితం తీసి ఆయన ముందు పెట్టాడు. బావ చేతిలో పెన్ను ఉంది.

"బావా! సంతకం పెట్టకు!"

ఇన్‌స్పెక్టరు టీ కప్పు దించాడు. "ఎవరమ్మా నువ్వు?"

"నేను... లా చదువుతున్నానండి."

"ఎన్నో సంవత్సరం?"

"మొదటి సంవత్సరం."

"ఓహో" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇలాంటివాళ్ళని ఇంతకుముందు కూడా చూసినట్టే ఉన్నాడు.

ఆమె ఆయన్ని పట్టించుకోలేదు. "తప్పు చెప్పాను బావా. నాకు తెలిసింది సగమే. ఉద్దేశం లేకపోయినా నేరమవుతుందట. ప్రమాదమని తెలుసని నువ్వే రాసిస్తే ఇంక అయిపోయినట్టే. జైల్లో పెట్టేస్తారు నిన్ను" అంటూ భోరుమంది.

బావ కాగితం వైపు చూశాడు. మళ్ళీ ఆమె వైపు చూశాడు.

"ఇందులో అబద్ధం ఉందా?"

"లేదు."

"మరి ఏం చెయ్యమంటావు? నాకు తెలియదని రాయించనా?"

అవునని చెప్పాలని ఉంది ఆమెకి. నిజంగా ఉంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. బావ ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటూ ఎ గురించీ బి గురించీ అడిగితే చాలు, దేశంలో ఉన్న చట్టాలన్నీ ఏ గంగలో కలిసినా పరవాలేదనిపించింది. అప్పుడే ఆసుపత్రిలో పడుకుని లిఫ్టు బాగైందా అని అడిగిన టీచరమ్మ గుర్తొచ్చింది. వచ్చిన మాటని వెనక్కి మింగేసింది.

"నువ్వు చెప్పావని ధైర్యంగా చెప్పాను" అన్నాడు బావ. "ఇప్పుడు భయపడుతూ చెబుతాను. వైరు పెట్టిన చెయ్యి నాదే కదమ్మా."

నలుగురినీ నవ్వించే మనిషి నోట భయమన్న మాట ఆమె అప్పటిదాకా వినలేదు.

ఇన్‌స్పెక్టరు టీ కప్పు మళ్ళీ అందుకున్నాడు. "ఇదిగో అమ్మాయీ, జైలూ గియిలూ అని ఇప్పుడే శోకాలు పెట్టకు. పూచీ ఇచ్చేవాళ్ళుంటే సాయంత్రానికి ఇంటికి పంపించే కేసు ఇది. మీ క్లాసులో ఇవేవీ చెప్పరా?"

"చెప్పేలోపు లేచి వచ్చేశానండి."

"బాగుంది. మొదట సగం విని ఈయనకి ధైర్యం చెప్పావు, తర్వాత ఇంకో సగం విని భయపెట్టావు. అన్నీ సగాలే నీవి." తల అడ్డంగా ఊపి బావ వైపు తిరిగాడు. "ఇంకో సంగతి. పొద్దున్నే మీ సూపర్‌వైజరు వచ్చి వెళ్ళాడు. వైరు పెట్టొద్దని గట్టిగా చెప్పాననీ, నువ్వే వినలేదనీ రాసిచ్చాడు. నువ్వు చెప్పినదాంట్లో ఆయన మాటే లేదు. సంతకం పెట్టేముందు అడుగుతున్నాను. ఇంకేమైనా చెప్పాలా?"

బావ పెన్ను బల్ల మీద పెట్టేశాడు. "పెట్టొద్దన్నాడా? ఆయనా?" అన్నాడు. అంతలోనే గొంతు తగ్గించి, మరదలి వైపు అనుమానంగా చూస్తూ, "కానీ ఆయన సంగతి చెబితే కుట్ర అవుతుందటగా?" అన్నాడు.

ఇన్‌స్పెక్టరుకి టీ పొలమారింది. టైపు చేసే కానిస్టేబులు రెండు వేళ్ళూ గాల్లో ఆపి లాయరమ్మని ఎగాదిగా చూశాడు. భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది ఆమెకి. కానీ పోవడానికి వీల్లేదు. తను పెట్టిన ముడి తనే విప్పాలి.

"అది నేను పాఠం చదవకుండా చెప్పాను బావా. చెప్పు. అన్నీ చెప్పు. తాళం కోసం ఎన్నిసార్లు ఫోన్ చేశావో, ఆయన ఏమన్నాడో, ఒక్క ముక్క వదలకుండా చెప్పు."

బావ చెప్పాడు. తాళం అరిగిందని తెలిసిన రోజు నుంచి మొదలుపెట్టాడు. ఫోన్ చేసిన ప్రతిసారీ సూపర్‌వైజరు ఏమన్నాడో, బిల్డింగు ప్రెసిడెంటు ఎలా వెంటపడ్డాడో, లిఫ్టు నడవకపోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటామని కంపెనీ ఎలా బెదిరించిందో, అన్నీ చెప్పాడు. లాయరమ్మ గోడకి ఆనుకుని విన్నది. మధ్యలో అందుకోబోయి పెదవి కొరుక్కుంది. ఇంట్లో ఆ మనిషి ఇదే చెప్పబోతే తనే నోరు మూయించింది. ఒక్క మాట పూర్తిగా విని ఉంటే, ఆయన ఈ కుర్చీలో ఒంటరిగా కూర్చుని ఊళ్ళోవాళ్ళ తప్పంతా నెత్తిన వేసుకోబోయేవాడు కాదు.

"ఈ ఫోన్లన్నీ కంపెనీ నంబరుకే చేశావా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టరు. అవునన్నాడు బావ. "చూద్దాం. ఆయన్ని మళ్ళీ పిలుస్తాను. నీ తప్పు లేదని నేననను, తెలుసా?"

"తెలుసండీ. వైరు నేనే పెట్టానన్నది మాత్రం తీసెయ్యకండి."

కానిస్టేబులు నిట్టూర్చి, మళ్ళీ మొదటినుంచీ రెండు వేళ్ళతో కొట్టడం మొదలుపెట్టాడు. బావ అంతా చదివి, ఒక్కో అక్షరం దిద్ది సంతకం చేశాడు.

పూచీ ఇవ్వడానికి బావతో పనిచేసే ఎలక్ట్రీషియను వచ్చాడు. సాయంత్రం ముగ్గురూ బయటికి వచ్చారు. అక్క అప్పటిదాకా బిగబట్టుకుని ఉంది. మెట్ల మీదే చెల్లెలి భుజం పట్టుకుంది.

"ఇప్పుడేమవుతుందే? కేసు ఉంటుందా, పోతుందా? ఉద్యోగం ఉంచుతారా?"

ఎప్పుడూ ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పే పిల్ల. అక్కకి ఆ జవాబుల మీద ఎంత కోపమున్నా, ఇప్పుడు ఒక్కటి కావాలి. ఏదో ఒకటి.

"తెలీదక్కా."

"ఏంటి?"

"నిజంగా తెలీదు."

"ఈ ముక్క మొన్న అనుంటే నీ సొమ్మేం పోయేదే!" అని అక్క రోడ్డు మీదే కళ్ళొత్తుకుంది. లాయరమ్మ తిట్లన్నీ తింది.

బావ మధ్యలో కల్పించుకున్నాడు. "ఇంక వదిలెయ్ దాన్ని. ఏమ్మా, పాఠం ఇంకా మిగిలి ఉందన్నావుగా? రేపు వెళ్ళి అది కూడా విని రా. వచ్చి చెప్పు." అని, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "ఈసారి మాత్రం చివరిదాకా కూర్చో" అన్నాడు.

మర్నాడు మేడం కొత్త పాఠం మొదలుపెట్టబోతుంటే లాయరమ్మ లేచి నిలబడింది.

"మేడం, నిన్నటి పాఠంలో రెండో సగం మళ్ళీ చెబుతారా?"

క్లాసంతా ఉసూరుమంది. మేడం కళ్ళజోడు సరిచేసుకుంది. "నిన్న మధ్యలో లేచి వెళ్ళిపోయింది నువ్వే కదూ? ఇప్పుడేమో మళ్ళీ చెప్పమంటావు. మిగతావాళ్ళ టైముకి విలువ లేదా?"

వెనక బెంచీవాడు ఊరుకుంటాడా? "ఎ గాడికి ఇంకా లాయరు దొరకలేదేమో మేడం" అన్నాడు. అందరూ నవ్వారు.

ఇంకో రోజైతే లాయరమ్మ వాడి నోరు మూయించేసేది. ఇవాళ వెనక్కి తిరిగి, మామూలు గొంతుతో చెప్పింది.

"దొరకలేదు. ఎ మా బావ. సలహా ఇచ్చిందెవరని నిన్న నువ్వడిగిన మహానుభావురాలిని నేనే. ఇప్పుడాయన ఇంట్లో ఉన్నాడు. నేను మిగతా పాఠం విని వెళ్ళి చెబుతానని ఎదురుచూస్తున్నాడు."

నవ్వులు ఆగిపోయాయి. వాడు తల దించుకున్నాడు. మేడం చేతిలో పుస్తకం మూసేసింది.

"ముందుకొచ్చి కూర్చో. క్లాసయ్యాక నా గదికి రా. ఈ పనికి నువ్వూ నేనూ చాలం. కోర్టులో వాదించేవాళ్ళు కావాలి. తెలిసినావిడ ఉన్నారు, మాట్లాడతాను."

అని సుద్దముక్క తీసుకుని, బోర్డు మీద అలవాటుగా "ఎ" అని రాసి, చెయ్యి ఆపింది.

"ఏం పని చేస్తారు మీ బావ?"

"లిఫ్టు మెకానిక్కు మేడం."

మేడం ఆ అక్షరం చేత్తో చెరిపేసి, దాని చోట "మెకానిక్" అని రాసింది. తర్వాత మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. లాయరమ్మ ముందు బెంచీలో కూర్చుంది. కాలు ఊగబోతే రెండో కాలితో తొక్కిపట్టుకుని, గంట కొట్టేదాకా కదలకుండా విన్నది.